మేస్త్రీ గీకేసిన చుక్కలు

బజారు మలుపులో మెట్ల కింద ఇరుక్కున్న ఆ చిన్న కొట్టుకి బోర్డు ఉంది గానీ దాని మీద అక్షరాల్లేవు. తుడిచి తుడిచి ఓనరే చెరిపేశాడని గిట్టనివాళ్ళంటారు. లాప్‌టాప్‌లు బాగుచేసే ఆ మనిషిని అందరూ తుడుపుల మేస్త్రీ అనే పిలుస్తారు. భుజం మీద మెత్తటి గుడ్డ లేకుండా అతన్ని చూసినవాళ్ళు లేరు. ఫ్యాను తిరగడం లేదని మెషీను ఇస్తే ఫ్యాను ఒక్కటే కాదు, మూతా, మీటలూ, తీగా అన్నీ తళతళలాడుతూ తిరిగొస్తాయి. దానికి విడిగా ఏమీ పుచ్చుకోడు. మురికి చూస్తే ఒళ్ళు మండుతుంది, అంతే.

ఇంట్లో ఈ జబ్బు ఇంకా ముదిరింది. పనికిరాదని తోస్తే చాలు, ఏ వస్తువైనా చెత్తబుట్టలోకి పోవాల్సిందే. ఓసారి పెరటి తలుపు దగ్గర ఇటుకముక్క కనబడితే తీసి అవతల పారేశాడు. సాయంత్రం గాలికి ఆ తలుపు ఢామ్మని కొట్టుకుంది. పక్కనే కూర్చున్న వాళ్ళావిడకి గుండె ఆగినంత పనయింది.

"అది తలుపు కొట్టుకోకుండా పెట్టిన ఇటుకండీ! ఎందుకుందో మీకు తెలియకపోతే చెత్తేనా?" అని ఆవిడ కేకలేసింది.

"అయితే దానిమీద రాసి పెట్టొచ్చుగా" అన్నాడు మేస్త్రీ.

మనిషి మంచివాడే. తప్పు ఒప్పుకోవడం మాత్రం ఒంట్లో లేదు. కొట్టులోనూ అదే తంతు. తన చేతిలో ఏదైనా తేడా వస్తే "సాఫ్ట్‌వేర్ తిక్క" అని దాని నెత్తిన రుద్దేవాడు. సాఫ్ట్‌వేర్ ఎదురు మాట్లాడదు కదా.

ఆ వీధి చివర మేడ మీద గదిలో ఒకావిడ ఒంటరిగా ఉంటుంది. డాక్టర్లు రోగుల గురించి మాట్లాడి పంపిన రికార్డింగులు విని, టైపు చేసి పంపడం ఆమె పని. అందుకని వీధి వీధంతా ఆమెని టైపు అక్క అంటారు. లాప్‌టాప్ గుర్రుపెడుతోందని, తెరుచుకోవడానికి ఓ పూట పడుతోందని ఆమె తెస్తే, హార్డ్ డిస్క్ పోయేలా ఉందని మేస్త్రీ తేల్చాడు. కొత్త డిస్క్ వేసి, పాతదాంట్లో ఉన్నదాన్ని అందులోకి ఎక్కించాడు. అక్క అడిగింది ఒక్కటే.

"ఎక్కడిదక్కడే ఉండాలి తమ్ముడూ. తెర మీద ఒక్క బొమ్మ కూడా కదలకూడదు."

పాత డిస్కుని చేతిరుమాల్లో చుట్టి తనే పట్టుకుపోయింది. "చచ్చిన డిస్కు మీకెందుకక్కా?" అంటే, "పాతదైనా నాదేగా" అంది.

మెషీను ఇచ్చేముందు మేస్త్రీ తన ధర్మం తను చేశాడు. మీటల మీద అక్కడక్కడా జిగురు చుక్కలు ఎండి గట్టిపడి ఉన్నాయి. బ్లేడు అంచుతో ఒక్కొక్కటే గీకి, గుడ్డతో రుద్ది, అద్దంలా చేసి చేతికిచ్చాడు. అక్క మీటల్ని వేళ్ళతో తడిమి, మళ్ళీ ఓసారి తడిమి, "చాలా శ్రద్ధగా చేశావు తమ్ముడూ" అంది. ఆ మెచ్చుకోలు గురించి మేస్త్రీ వాళ్ళావిడ చెవులు చిల్లులు పడేలా చెప్పుకున్నాడు.

కొన్నాళ్ళకే అక్క మళ్ళీ వచ్చింది. మెషీను పరుగెడుతోంది, ఏ లోటూ లేదు. అప్‌డేట్ మాత్రం ఎక్కడం లేదు. సగం దాకా పోతుంది, అక్కడ ఆగుతుంది, చేసిన మార్పులన్నీ వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి, ఏమీ ఎరగనట్టు పాత తెరే చూపిస్తుంది.

"ఈ అప్‌డేట్ లేనివాళ్ళకి సోమవారం నుంచి మా పని సాఫ్ట్‌వేర్ తెరుచుకోదని ఆఫీసువాళ్ళు మెసేజ్ పెట్టారు. ఇవాళ శనివారం" అంది అక్క. "ఈ పని పోతే ఇంకోటి నాకు దొరకదు తమ్ముడూ."

"అంత మాటెందుకక్కా. మీరలా కూర్చోండి, చిటికెలో అయిపోతుంది."

చిటికెలో కాదు, మధ్యాహ్నమైనా కాలేదు. మేస్త్రీ మౌసు తీగ పీకి చూశాడు. వైరస్‌లు రాకుండా కాపలా ఉండే సాఫ్ట్‌వేర్‌ని కాసేపు నిద్రపుచ్చాడు. సగం దిగి పాడైన ఫైళ్ళేమైనా అడ్డంపడుతున్నాయేమోనని అన్నీ తీసేసి మళ్ళీ మొదటినుంచి దించాడు. తేదీ, టైము సరిచూశాడు. కొత్త డిస్కులో ఖాళీకి కొదవ లేదు. అయినా ప్రతిసారీ అప్‌డేట్ బుద్ధిగా బయల్దేరడం, సగం దారిలో మొరాయించడం, వచ్చిన దారినే పోవడం. మేస్త్రీకి చిరాకు నషాళానికంటింది.

"ఇది సాఫ్ట్‌వేర్ తిక్కక్కా. మొత్తం తుడిచేసి కొత్తగా వేసేద్దాం. మీ ఫైళ్ళు ఎక్కడికీ పోవు, పక్కన దాచి మళ్ళీ పెడతాను. తెర ఒక్కటే మారుతుంది. శుభ్రంగా ఉంటుంది."

అక్క మొహం పాలిపోయింది. "వద్దు."

"ఎందుకు వద్దక్కా?"

"వద్దన్నానుగా. ఇంకేదైనా దారి చూడు."

ఇంత మొండిమనిషిని ఎక్కడా చూళ్ళేదనుకున్నాడు మేస్త్రీ. కోపమొస్తే అతని చెయ్యి ఊరుకోదు, భుజం మీది గుడ్డ మీదికి పోతుంది. తుడుద్దామని వంగి చూస్తే మీటల మీద మళ్ళీ అవే జిగురు చుక్కలు. అప్పుడే ఏం ఒలకబోసిందిరా ఈ మహాతల్లి అనుకుని బ్లేడు తీశాడు. మొదటి చుక్క టప్పున ఊడింది.

ఆ చప్పుడుకి అక్క ఉలిక్కిపడింది. ఆమె చెయ్యి ముందు బల్లని తడిమి, తర్వాత మెషీను అంచుని తడిమి, అప్పటికి గానీ మేస్త్రీ చేతిని పట్టుకోలేకపోయింది.

"అది తియ్యకు తమ్ముడూ!"

"మరకక్కా..."

"మరక కాదు, నేను పెట్టుకున్న గుర్తు." అక్క గొంతు తగ్గించింది. "నాకు ఎదురుగా ఉన్నది కనబడదు. చూపు నడిమధ్యలో ఓ మసక ఉంది, అంచులే కాస్త తెలుస్తాయి. ఇక ఇంతేనని డాక్టరు చెప్పేశాడు. చెవులున్నాయి, వేళ్ళున్నాయి, వాటితో లాక్కొస్తున్నాను. తెర మీద పైన ఎడమ మూల ఇవాళ్టి పని, దాని కింద నిన్నటిది. అన్నీ చోటుని బట్టే గుర్తు. నువ్వు కొత్త తెర పెడితే మళ్ళీ తడుముకోవాలి. తడుముకుంటే పని ఆలస్యమవుతుంది. ఎందుకాలస్యమని వాళ్ళడిగితే నేనేం చెప్పను? కళ్ళ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు."

మేస్త్రీ బ్లేడు బల్ల మీద పెట్టేశాడు. "మరి కిందటిసారి అవన్నీ నేను గీకేస్తే ఒక్క మాట అనలేదేంటక్కా?"

"అంత ప్రేమగా తుడిచిచ్చావు, ఏమంటాను? ఇంటికెళ్ళి మళ్ళీ పెట్టుకున్నాను."

మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. ఎవరైనా నాలుగు తిట్టినా బాగుండేది, సాఫ్ట్‌వేర్ మీదికి తోసేవాడు. ఈ మాటని ఎటు తోస్తాడు? ఉన్నట్టుండి పెరటి తలుపూ, ఇటుకముక్కా గుర్తొచ్చాయి. ఇంకా ఏమేం పారేశానురా దేవుడా అని వెతుక్కుంటుంటే, డిస్క్ ఎక్కించిన రోజు కళ్ళముందుకొచ్చింది. పాత డిస్క్ చివర్న పేరూ ఊరూ లేని చిన్న భాగం ఒకటి ఉంది. తెరిచి చూస్తే ఏమీ కనబడలేదు. ఈ చెత్తెందుకని దానికి టిక్కు తీసేసి, మిగతాదంతా ఎక్కించాడు.

అది చెత్త కాదు. మెషీను చెడిపోతే తనను తాను బాగుచేసుకునే సరంజామా ఉండేది అందులోనే. ఈ అప్‌డేట్ చక్కదిద్దాలని చూస్తున్నది దాన్నే. చోటు కనబడక పాపం ప్రతిసారీ వెనక్కి పోతోంది.

"అక్కా, ఆ పాత డిస్కు పారెయ్యలేదు కదా?"

"నేనేదీ పారెయ్యను."

తన దగ్గరే ఉండుంటే ఆ రోజే తుడిచేసేవాడినని తలుచుకుంటే మేస్త్రీకి చెమట పట్టింది. కొట్టు షట్టరు దించి, మెషీను చంకన పెట్టుకుని అక్క వెంట నడిచాడు. ఆమె చిటికెనవేలు గోడకి తాకిస్తూ నడుస్తోంది. ఇన్నేళ్ళుగా ఆ వీధిలో ఆమెని చూస్తున్నాడు, ఆ వేలు ఏనాడూ చూడలేదు.

గదిలో మందుసీసా మెడకి రబ్బరు బ్యాండు, స్టవ్ మీటకి అతికించిన చొక్కా గుండీ, అలమర తలుపుకి వేలాడే దారం. ఇంకోరోజైతే అన్నీ ఊడబెరికి బుట్టలో వేసేవాడు. ఇవాళ మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

రుమాల్లోంచి తీసిన పాత డిస్కుని కలిపితే గుర్రుమంది, దగ్గింది, ఆగింది. "ఇంకొక్కసారి తల్లీ, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలాడు. రెండోసారికి ఆయాసపడుతూ లేచింది. ఆ చిన్న భాగాన్ని జాగ్రత్తగా తెచ్చి కొత్త డిస్కులో దాని చోట్లో పెట్టి, అప్‌డేట్ మొదలుపెట్టాడు. సగం వచ్చింది. సగం దాటింది. ఆగకుండా చివరిదాకా పోయి, తెర తెరుచుకుంది.

అక్క తల పక్కకి తిప్పి, కంటికొసతో చూస్తూ పైన ఎడమ మూల వేలు పెట్టింది. "ఇక్కడే ఉందా?"

"అక్కడే ఉందక్కా. ఏదీ కదల్లేదు."

అక్క కుర్చీలో కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంతకీ దేనివల్ల ఆగిందంటావు?"

సాఫ్ట్‌వేర్ తిక్క అనే మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. మేస్త్రీ దాన్ని మింగేశాడు. "నావల్లేనక్కా. పనికిరాదనుకుని ఒక ముక్క నేనే వదిలేశాను."

అక్క నవ్వింది. "ఇంకాస్త ఆగితే నన్నూ తుడిచేసేవాడివి."

మేస్త్రీ కూడా నవ్వాడు గానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మీ కళ్ళ సంగతి ఎవరి దగ్గరా నా నోట రాదక్కా" అన్నాడు. తర్వాత అక్క దగ్గర జిగురు ట్యూబు అడిగి తీసుకుని, ఇందాక తను చుక్క ఊడగొట్టిన మీట ముందు కూర్చున్నాడు. ఎన్నో మెషీన్లు తుడిచిన ఆ చేత్తో మొట్టమొదటిసారి ఒక మెషీను మీద చుక్క పెట్టాడు. అది ఆరేదాకా ఊదుతూ కూర్చుని, అక్క వేలు పట్టుకుని దాని మీద ఆనించాడు.

"సరిపోయిందా అక్కా?"

అక్క వేలితో అటూ ఇటూ రాసి చూసింది.

"ఇంకొంచెం పెద్దది పెట్టు తమ్ముడూ."