నవ్వించిన పాపానికి నా మాగాయ జాడీ

ఆ రోజుల్లో అమెరికా అంటే మాకు చంద్రలోకానికి పక్క ఊరు. ఇందుకూరుపేట వదిలి నెల్లూరు ఆసుపత్రిలో నర్సుగా చేరడమే మా వంశంలో పెద్ద ప్రయాణం. అలాంటి నన్ను అరవైల మొదట్లో ఏడాది శిక్షణకని అక్కడికి పంపించారు. సెలవుల్లో మా ఆసుపత్రి డాక్టరమ్మ (పుట్టింది అమెరికాలోనే అయినా, నెల్లూరులో ఉండి ఉండి మా యాసే పట్టేసింది) వచ్చి, "మా చెల్లెలు నవహో అనే ఇక్కడి ఆదివాసుల దగ్గర పని చేస్తా ఉంది, చూసొద్దాం రా" అని వెంటబెట్టుకు వెళ్లింది.

ఎటు చూసినా ఎర్రటి రాతికొండలు, గొర్రెల మందలు. ఆ చెల్లెలి వెంట మట్టి కప్పిన ఒక గుండ్రటి ఇంటికి వెళ్లాం. వాకిలి తూర్పుకి ఉంది (వాస్తు పట్టింపు ఇక్కడా ఉందే అనుకున్నాను). లోపల ఒక అవ్వ మగ్గం ముందు కూర్చుని ఉన్ని కంబళి నేస్తోంది. ఎదుట బొమ్మ కాగితమేమీ లేదు, మనం ముగ్గు వేసినట్టు మనసులోంచే నేసేస్తోంది. పక్కనే ఆమె మనవరాలు, నెలల పిల్ల, తోలుతాళ్లతో ఒక చెక్క పలకకి కట్టేసి ఉంది (వాళ్ల ఉయ్యాల అదేనని తరవాత తెలిసింది). నా ప్రాణం ఉసూరుమంది. పసిపిల్ల కనపడితే మనం ఊరుకుంటామా? "ఒసే బొద్దుపిల్లా, నిన్ను కట్టేసినారా తల్లీ!" అంటూ నాలుకతో టక్కుటక్కుమనిపించాను. పిల్ల కిలకిలా నవ్వింది.

అంతే. అవ్వ ఉన్ని వదిలేసింది. పిల్ల తల్లి లేచి నిలబడింది. గొర్రెల దగ్గరున్నవాళ్లు కూడా లోపలికి వచ్చేశారు. అందరూ నన్నే చూస్తూ గబగబా ఏదో అంటున్నారు. బొద్దుపిల్లా అన్నానే, దిష్టి పెట్టాననుకుంటున్నారు కాబోలు! (మేం క్రైస్తవులం, దిష్టి నమ్మం. పాస్టరుగారు ఇంట్లో ఉన్నంతసేపూ అసలే నమ్మం.) పొయ్యి దగ్గర కల్లుప్పు కనిపిస్తే గుప్పెట్లోకి తీసుకుని పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పాను. నిప్పుల్లో వేద్దామని తిరిగేసరికి, అవ్వ మొహం వెలిగిపోతోంది. నా గుప్పెట్లోంచి ఒక ఉప్పుకల్లు తీసి నోట్లో వేసుకుంది!

"తినబాకవ్వా! అది దిష్టి ఉప్పు, ఊసెయ్!" అని కేక పెట్టాను. ఆమె వెనక మిగతావాళ్లూ చేతులు చాపారు. నేను ఏడుపుమొహం పెడితే, చెల్లెలు చెప్పింది విని డాక్టరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

"భయపడబాక. పిల్ల నవ్వడం ఇదే మొదలు. వీళ్లలో పిల్లని మొదట ఎవరు నవ్విస్తే వాళ్లే అందరికీ విందు పెట్టాల, పిల్ల చేత్తో ఉప్పు పంచాల. ఆ ఉప్పు సంగతి నీకెట్ట తెలిసిందా అని వీళ్లు మురిసిపోతా ఉండారు. ఇంకోటి, నవ్వించినోళ్ల గుణమే పిల్లకి వస్తాది. నువ్వు చెయ్యి బిగిస్తే పిల్ల పిసినారి అయిపోతాది."

పోయి పోయి నన్ను చూసే నవ్వాలా తల్లీ! "దీని చేతిలోంచి చింతగింజ గూడా రాలదు" అని మా అమ్మ దెప్పేది. ఆ మాట నిజమేనని నా పెట్టె అడుగున చీరల్లో చుట్టిపెట్టిన మాగాయ జాడీకి తెలుసు. ఊరు కాని ఊళ్లో చిన్న చిన్న ముక్కలుగా దాచుకుని తింటున్నాను, డాక్టరమ్మకైనా వాసన తగలనివ్వలేదు. నా బుద్ధి ఆ పిల్లకి అంటితే ఎట్లా అని నాకు నిజంగానే బెంగ పట్టుకుంది.

విందు రోజున గొర్రెమాంసం పులుసు, నూనెలో కాల్చిన రొట్టెలు నా చేత దగ్గరుండి చేయించారు. పిల్లని ఒళ్లో పెట్టుకుని, దాని చిట్టి చేత్తో అందరికీ ఉప్పు పంచి, కళ్లు గట్టిగా మూసుకుని జాడీ మూత తీశాను. అవ్వ ఒక ముక్క కొరికింది. కళ్లనీళ్లు కారుతుండగానే మళ్లీ చెయ్యి చాపింది. ఇంకోటా అని ప్రాణం విలవిల్లాడినా వేశాను. సాయంత్రానికి జాడీ ఖాళీ.

బుద్ధి మారిందనుకునేరు, లేదు. ఇప్పటికీ కొత్త ఊరగాయ జాడీని బీరువా వెనక్కే నెడతాను. నెట్టాక ఆ పిల్ల గుర్తొస్తుంది. ఎర్రకొండల మధ్య ఈపాటికి అదీ అవ్వయి, జాడీలు దాస్తోందేమోనని భయమేస్తుంది. వెంటనే జాడీ ముందుకి లాగి పక్కింటావిడని కేకేస్తాను.