మారింది కుక్కా, ఇల్లా?

1990 ఆగస్టు. అప్పుడు నేను కువైట్‌లో, దజీజ్ గోదాముల వరసలో ఉన్న ఒక చిన్న పశువుల క్లినిక్‌లో అసిస్టెంటుని. కుక్కల్నీ పిల్లుల్నీ బల్ల మీద కదలకుండా పట్టుకోవడం, సూదులు మరగబెట్టడం, గాయాలకు కట్లు కట్టడం నా పని. డాక్టరుగారు ఈజిప్టు మనిషి. జూలైలోనే సెలవు మీద ఇంటికి వెళ్ళారు. ఇరాక్ సైన్యం ఊళ్ళోకి వచ్చేసరికి క్లినిక్ తాళాలూ, మందుల అలమరా, ఆయన పుస్తకాలూ నా చేతిలో ఉండిపోయాయి.

పుస్తకాల గురించి ఒక్క మాట. నా చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాతిదంతా రాజంపేట గ్రంథాలయం చలవే. అక్కడ తెలుగు పుస్తకాలు అయిపోయాక నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లిషువి మొదలుపెట్టాను. కువైట్ వచ్చాక డాక్టరుగారి అలమర మీద పడ్డాను. కుక్కల జబ్బుల మీద ఉన్న లావుపాటి పుస్తకాన్ని మొత్తం రెండుసార్లు చదివానంటే ఆయన నమ్మలేదు. అక్కడొకటీ ఇక్కడొకటీ ప్రశ్నలు వేసి చూసి, అప్పుడు నమ్మారు.

ఆ నెల సగం గడిచాక ఒక ఉదయం నూర్జహాన్ వచ్చింది. రాయచోటి మనిషి. ఫర్వానియా అవతల ఒక విల్లాలో పనిచేసేది. ఇంటివాళ్ళు వేసవికని వెళ్ళి బయటి దేశంలోనే చిక్కుకుపోయారు. ఇంట్లో మిగిలింది ముసలి యజమానురాలు, ఆమె కొడుకు పెంచుకున్న రెక్స్ అనే ఆల్సేషియన్ కుక్క, వాళ్ళిద్దరికీ చాకిరీ చేసే నూర్జహాన్. రెక్స్ బాగా ముసలిది. జమియాలో, అంటే అక్కడి సహకార దుకాణంలో, సరుకులు తోసుకునే ట్రాలీలో దాన్ని కూర్చోబెట్టుకుని, చెమటలు కక్కుతూ తోసుకొచ్చింది.

"అన్నా, దీనికి సూది యేసేయ్," అంది రాగానే.

"ఏ సూది?"

"మళ్ళా లెయ్యకుండా పండుకునే సూది."

దాన్ని యుథనేషియా అంటారు. బాగుపడే దారి లేని జంతువును నొప్పి లేకుండా చంపడం. ఆ మందు సీసా అలమరలో ఉంది, తాళం నా జేబులో ఉంది. కానీ నేను డాక్టరును కాను. ముందు ఏమైందో చెప్పమన్నాను.

"ఏమైందా? పొద్దంతా హాల్లో గోడకు మొగం బెట్టి మొరుగుతాది. బయటికి పొమ్మంటే పోదు. నిలబడిన కాడనే పోస్తాది. పట్టీ పట్టుకోని లాగితే చెయ్యి కరవబోయింది. ఇన్నేండ్లు నా చేతి కూడు తిని నన్నే కరుస్తాదా? ముట్టుకున్నప్పుడల్లా నమాజుకు కడుక్కోలేక చస్తాండా." అప్పుడు గొంతు తగ్గించింది. "మూల మీద చెక్‌పోస్టు వాళ్ళు గేటు కాడికొచ్చి చెప్పిపోయినారన్నా. ఇంగోసారి అరుపు ఇనిపిస్తే లోపలికొచ్చి కాల్చేస్తారంట. లోపలికొచ్చినోళ్ళు కుక్కతో ఆగుతారా? ఇంట్లో ఉండేది ఇద్దరాడోళ్ళం."

రెక్స్‌ను కిందికి దించాను. మొదట మెనేస్ టెస్ట్ చేశాను. అంటే కంటి ముందు ఒక్కసారి చెయ్యి ఊపి, రెప్ప వేస్తుందా లేదా అని చూడటం. ఒక కన్ను మసకబారింది. వెనక నిలబడి చప్పట్లు కొడితే ఆలస్యంగా తిరిగింది. పిచ్చికుక్క లక్షణాలు ఏవీ లేవు. గదిలో ఈ చివరనుంచి ఆ చివరికి చక్కగా నడిచింది. సెనిలిటీ, ముసలితనంతో మెదడు మందగించడం, అని తేల్చాను. విటమిన్ మాత్రలిచ్చి, తిండీ నడకా అన్నీ మునుపటిలాగే జరగనివ్వమని పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను.

"మునపటి మాదిరా?" అంది నూర్జహాన్. "ఈ ఊర్లో ఏదన్నా మునపటి మాదిరి ఉంటే చూపీ అన్నా, అట్లనే చేస్తా."

మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత ఇంకోసారి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ అదే ట్రాలీ, అదే సూది మాట. రెక్స్ మాత్రం మా క్లినిక్‌లో తోక ఊపుతూ తిరిగేది.

"చూడు, చూడు. ఈడ పెండ్లికొడుకు మాదిరి నడుస్తాది. ఇంటికి పోతే దయ్యం పడతాది. నేను అబద్ధాలు చెప్తాండానని అనుకుంటాండావు గదా?"

నాకూ విసుగొచ్చింది. కుక్క మీదా, ఆమె మీదా, రెండుసార్లు చదివినా అక్కరకు రాని పుస్తకం మీదా. క్లినిక్‌కు తాళం వేసి ఆ ట్రాలీ వెంట నడిచాను.

హాలంతా అద్దంలా మెరిసే పాలరాయి. దాని మీద ఒక్క గుడ్డముక్క లేదు. రెక్స్ గోడను ఆనుకుని నిలబడింది. పెరటి తలుపు వైపు చూసి ఒక అడుగు వేసింది. వెనక కాలు పక్కకు జారింది. వెంటనే గోడ దగ్గరికి వెళ్ళిపోయి మొరగడం మొదలుపెట్టింది.

"ఇక్కడ తివాచీలు ఉండేవి కాదా?" అన్నాను.

"ఉండేవి. దోచుకుంటారని పెద్ద మామా అన్నీ చుట్టించి పైగదిలో పెట్టించింది. మోసి మోసి నా నడుం పోయింది." అక్కడ పనివాళ్ళు ఇంటావిడను మామా అంటారు; పెద్ద మామా అంటే ఆ ముసలి యజమానురాలు.

మా క్లినిక్ నేల మీద రబ్బరు పట్టా పరిచి ఉంటుంది. రెక్స్ తుంటి మీద మెల్లగా వేలితో నొక్కితే గుర్రుమంది. ఆర్థ్రైటిస్, కీళ్ళ అరుగుదల. ఒక కంటికి నేల సరిగా కనపడదు, కాలు జారితే తుంటి పోటెత్తుతుంది. పట్టీ పట్టి లాగితే కరవక ఏం చేస్తుంది? తలుపుదాకా పోలేకనే నిలబడ్డ చోట పోస్తోంది.

పెద్ద మామా కుర్చీలో తస్బీ, అంటే జపమాల, తిప్పుకుంటూ కూర్చుని ఉంది. తివాచీలు మళ్ళీ పరవాలని నాకు వచ్చిన అరబ్బీలో చెప్పాను, మిగతాది నూర్జహాన్ అందుకుంది.

"నా పెళ్ళినాటి తివాచీలు కుక్క కాళ్ళ కింద వెయ్యాలా? నువ్వు డాక్టరువా?"

"కాదు మామా."

"మరి నీకెలా తెలుసు?"

"పుస్తకంలో చదివాను."

"అవి పాడైతే ఆ పుస్తకం వచ్చి కడుగుతుందా?"

దుప్పట్లు పరిచి చూశాం. పాలరాతి మీద అవే జారి కుక్కను కూలేశాయి. అది మూలిగిన మూలుగుకు ఆమె తస్బీ ఆగింది.

"నా కొడుకు తిరిగొస్తే ముందు దీన్నే అడుగుతాడు, నన్ను కాదు," అంది చిరాగ్గా. "యల్లా, కానీండి, తివాచీలు దించండి."

గోడనుంచి పెరటి తలుపుదాకా బరువైన తివాచీలు పరిచాం. రెక్స్ వాసన చూసుకుంటూ, ఒక్కో అడుగూ వేసి, తనంతట తానే బయటికి వెళ్ళింది. అరుపు చాలా తగ్గింది. పూర్తిగా పోలేదు. పొద్దు వాలేవేళ గోడను చూసి మొరిగేది. అది నిజంగా మెదడు ముసలితనమే, నా దగ్గర దానికి మందు లేదు. నూర్జహాన్ పక్కన కూర్చుని మెడ మీద చెయ్యి వేసి తిడుతూ ఉంటే ఊరుకునేది. తర్వాత చేతులు కడుక్కుంటూ నన్ను తిట్టేది.

ముసలి మూత్రాశయం సంగతి మాత్రం నేను ముందుగా చెప్పలేదు. తలుపుదాకా వెళ్ళేలోపే కొన్నిసార్లు తివాచీ మీదే అయిపోయేది. పెద్ద మామా నన్ను పిలిపించి, వంగి వాసన చూడమంది. చూశాను. పుస్తకం వచ్చి కడగలేదు, నేనే కడిగాను; వాసన మాత్రం పోలేదు.

సెప్టెంబరులో సోదాకు వచ్చిన ఇరాక్ సైనికులు ఆ ఇంట్లోనూ దూరారు. టీవీ, రేడియో, ఏసీ పెట్టె పట్టుకుపోయారు. ఆ రోజు జరిగింది నూర్జహాన్ చెప్పింది.

"ఒగడు తివాచీ చుట్టబోయి, కంపుకు మొగం అట్ల పెట్టి వదిలేసినాడన్నా. రెక్స్ దాని మీదనే నిలబడింది, ఒగ అరుపు కూడా అరవలా. పెద్ద మామా ఏమనిందో తెలుసా? 'తివాచీ కావాలంటే కుక్కను గూడా తీసకపోండి, రెండూ ఒగటే'నని. వాళ్ళు రెండూ వద్దనుకొని పోయినారు."

ఆ తర్వాత ఈ పనిలోనే చాలా ఏళ్ళున్నాను. ముసలి కుక్క గుణం మారిందని ఎవరు తీసుకొచ్చినా, ముందు ఇంట్లో ఏం మారిందో చెప్పమంటాను. కుక్క గురించి అడిగితే సోఫా గురించి అడుగుతావేమిటని విసుక్కుంటారు. విసుక్కోనీ. వాళ్ళు జవాబు చెప్పేదాకా మందుల అలమర తాళం తియ్యను.