బండి వెనక దీపం

సోల్డరింగు పేస్టు కరిగి పొగ లేచినప్పుడల్లా నాకు తుమ్ము వస్తుంది. పేస్టుదేం తప్పు లేదు, ఆ వాసన వెనకే నల్లపాడులో మా డాబా మీద ఎండే మిరపకాయల ఘాటు పిలవకుండా వచ్చేస్తుంది.

శివరాత్రి ముందు రోజులవి. కళ్ళంలోంచి వచ్చిన కాయలు డాబా నిండా పరుచుకుని, ఉడికే చిలగడదుంపల ఆవిరి కూడా కారంగా తగిలి, ఇంటిల్లిపాదీ దగ్గుతూనే మాట్లాడుకునేవాళ్ళం. బాబాయేమో కోటప్పకొండ తిరునాళ్ళ ప్రభకు కట్టే బల్బుల తోరణాలు వరండా అంతా పరిచి, నన్ను తొక్కుడుబిళ్ళ ఆడనిచ్చేవాడు కాదు. అంతెత్తు ప్రభకు దీపాలెక్కించే మనిషికి ఆ ఏడు అరచేతిలో పట్టే పని తగిలింది. గుంటూరులో ఆయన వైరింగు చేసిన ఇంటి డాక్టరుగారు, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక అటకెక్కిన బొమ్మ రైలును మాకిచ్చేశారు. దాంతోపాటు గోరంత డీకోడరు ఒకటి. గార్డు పెట్టెలో బిగిస్తే, పట్టాల్లోంచి వచ్చే ఆజ్ఞ విని వెనక ఎర్రదీపం వెలిగిస్తుందట.

మా తాతయ్య మీటరుగేజీ రోజుల్లో గార్డు. రిటైరయ్యాక కూడా సాయంత్రం స్టేషనుకు వెళ్ళి, మాచర్ల బండి వెనక దీపం కనుమరుగయ్యేదాకా నిలబడితే తప్ప ఆయనకు కాఫీ దిగేది కాదు. ఆ దీపం చూడనిదే బండి మొత్తం వెళ్ళినట్టు కాదనేవాడు. కళ్ళకు పొర కమ్మి పట్టాల దగ్గర రెండుసార్లు తూలాక, నానమ్మ పరీక్ష పెట్టింది.

“అబ్బాయి బిగించే దీపం గుమ్మంలో కూచుని కనిపెట్టండి. కనబడితే స్టేషనుకెళ్ళండి. లేదా, అరుగు దిగేది లేదు.”

డీకోడరు కాగితం ఏ భాషలో ఉందో మాలో ఎవరికీ తెలియలేదు. బాబాయిది జనరేటరు దగ్గర ఆరితేరిన చెయ్యి: ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రలు. ప్రభ మీద ఎన్ని బల్బులున్నా రెండో కొసలన్నీ కామన్‌గా నలుపుకే.

“ముట్టుకోమాకే, ఫేజు అది,” అని డీకోడరు నీలం తీగకు టేపు చుట్టేసి, దీపాన్ని నలుపుకు కలిపాడు. ఆయనకు కామన్ తీగా తెలుసు, కామన్ సెన్సూ ఉంది. రెండూ మా ఊరివి, అంతే.

మీట నొక్కితే దీపం వెలిగింది, అగరొత్తి కొసంత. మాకందరికీ కనబడింది. మెడలో ఈల, ఒళ్ళో పచ్చజెండా పెట్టుకుని తాతయ్య చాలాసేపు చూశాడు.

“లేదురా. వెనక దీపం లేదు.”

“వెలుగుతోంది నాన్నా.”

“గార్డునిరా నేను. వెలిగితే నాకు తెలీదా?”

నానమ్మ గుమ్మంలో ఉన్న ఆయన చెప్పులు తీసి లోపల పెట్టింది. మర్నాటి నుంచి బండి కూత వినబడగానే తాతయ్య నన్నడిగేవాడు, “మొత్తం వెళ్ళిందామ్మా?” చూడకుండానే వెళ్ళిందనేదాన్ని.

ఇప్పుడు మిర్చి తిన్నగా కోల్డ్‌స్టోరేజీకి పోతోంది, ప్రభల మీద బల్బుల బదులు ఎల్‌ఈడీ పట్టీలు, బాబాయికి చెయ్యి వణుకు. ఆ పాత పెట్టెకు కొత్త డీకోడరు తెప్పించాను. దీని కాగితం నాకు చదవను వస్తుంది. దీపాలకు కామన్ నీలమట, నలుపు పట్టా నుంచి వచ్చే తీగట, దానికి కలిపితే సగమే వెలుగుతుందట.

నీలానికి కలిపాను. గోడ ఎర్రబడింది.

గుమ్మంలో కూచుని కళ్ళజోడు తీసి చూశాను. బండి లేదు, పట్టాల్లేవు, అంతా మసక. దీపం మాత్రం తెలుస్తోంది. తాతయ్య స్టేషనుకు వెళ్ళేవాడే.