ఏలూరు నుంచి గూడెం దాకా: తాతగారి జపాను తుపాకీతో ఒక రోజు

ఈ ప్రయాణానికి కారణం ఒక ఈమెయిల్. మా తాతగారు కథలు చెప్పే మనిషని బెంగళూరు పెద్దమనిషి ఒకాయన అందులో తేల్చేశాడు. పాత జపాను సైనిక తుపాకులు సేకరించేవాళ్లం దేశంలో కొద్దిమందిమే. ఇంటర్నెట్లో ఒకరికొకరం ఫోటోలు పంపుకుంటాం, వాటి మీద దెబ్బలాడుకుంటాం. సికిందరాబాదులో కొన్నది నా దగ్గర ఒకటుంది. రెండోది తాతగారిది. బర్మా యుద్ధంలో సిపాయిగా ఉన్నప్పుడు శత్రువు చేతిలోంచి తీసుకున్నానని ఆయన చెప్పేవారు. ఈ తుపాకుల మీద, గొట్టం మొదట్లో, వాళ్ల చక్రవర్తి గుర్తుగా పదహారు రేకుల చామంతి పువ్వు చెక్కి ఉంటుంది. జపాను ఓడిపోయాక అప్పగించినవాటిలో చాలావాటి మీద ఆ పువ్వును అరగదీసేశారు. పోరులో పట్టుకున్నవాటి మీద అది అలాగే ఉంటుంది. నేను పంపిన ఫోటోలో తాతగారి తుపాకీ మీద ఆ చోటు నున్నగా, నల్లగా ఉంది. "ఇది గోదాములో దొరికిన సరుకు, మిగతాదంతా కథ" అని రాశాడు బెంగళూరాయన. నాకు ఒళ్లు మండింది. కథైతే కానివ్వండి, దాన్ని నా చేత్తో పేల్చి తీరతానని జవాబిచ్చాను.

బయలుదేరేసరికి 2008 జనవరి అయింది. తుపాకీ ఏలూరులో మా బాబాయి ఇంట్లో ఉండేది. అంతకుముందే కలెక్టరేట్ చుట్టూ నెలల తరబడి తిరిగి, బాబాయి పేరుతో పాటు లైసెన్సులో నా పేరూ ఎక్కించుకున్నాను. హైదరాబాదులో రాత్రి బండెక్కితే తెల్లారేసరికి ఏలూరు. స్టేషను బయటే రోజంతటికీ ఇండికా కారు మాట్లాడుకున్నాను, డీజిలుతో కలిపి పన్నెండు వందలు. పవర్‌పేటలో బాబాయి కాఫీ ఇచ్చి మరీ ఎగతాళి మొదలుపెట్టాడు.

"మా నాన్న సంతలో కోడిపుంజుని కొన్నా యుద్ధంలో గెలిచానని చెప్పే మనిషమ్మా. ఇప్పుడు నువ్వు దాన్ని పేల్చి ఎవర్ని ఉద్ధరించాలి?"

"కాగితం మీద గురిని, బాబాయ్. సాయంత్రం మీరే వచ్చి చూద్దురుగాని."

"ముందు కొల్లేరెళ్లి మీ మామ్మని అడుగు. అసలు సంగతి ఆవిడకే తెలియాలి."

తుపాకీ పెట్టె కారెక్కించబోతే డ్రైవరు వెంకన్న అడ్డం పడ్డాడు. "ఏవండీ, అదొద్దండీ. పక్షుల అభయారణ్యమండీ అది. తుపాకీ పట్టుకెళ్తే ఫారెస్టోళ్లు మీతోపాటు నన్నూ లోపలేసేత్తారండీ." నిజమే. పెట్టెను బాబాయి బీరువాలోనే వదిలి కైకలూరు రోడ్డు పట్టాం. అక్కడక్కడ ప్రభుత్వం తెగ్గొట్టించిన చేపల చెరువుల గట్లు కనిపించాయి. ఆ నీళ్లన్నీ కలిసిపోయి, గూడబాతులు గుంపులుగా తేలుతున్నాయి. ఇవి చూడాలనుకుంటే జనవరిలో పొద్దున్నే బయలుదేరండి, ఎండెక్కితే కళ్లు చెదురుతాయి.

మామ్మ లంక గ్రామంలో మా అత్త దగ్గర ఉంటుంది. అరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కూర్చోగానే అడిగేశాను.

"మామ్మా, తాతగారి తుపాకీ మీద పువ్వుండేదా?"

"ఎందుకుండదే? సుబ్బరంగా ఉండేది."

"ఇప్పుడు లేదు. ఎప్పుడో అరగదీసేశారంట. తాతగారు అబద్ధం చెప్పారంటున్నారు."

మామ్మ చేట పక్కన పెట్టింది. "ఎవడే ఆ మాటన్నది? దసరా పూజకి ఆ పువ్వు మీదే మైనం రాసి బొట్టు పెట్టేదాన్ని. నా నుదుటికెలా పెట్టుకునేదాన్నో అలాగే. పాతది తుడవకుండా ఏటేటా దాని మీదే పెట్టాను. ఆ పైన మీ తాతగారు నూనె రాసేవారు."

నేను చప్పట్లు కొట్టినంత పనిచేశాను. అయితే ఆ నలుపు కిందే పువ్వుంది! బెంగళూరాయనకు పంపాల్సిన జవాబు అప్పుడే మనసులో రాసుకుంటున్నాను.

"నవ్వకే" అంది మామ్మ. "కావాలనే కప్పాను. పెళ్లయిన కొత్తలో దాన్ని తుడుస్తా తుడుస్తా ఆ పువ్వు చూసి మీ తాతగారు కూలబడిపోయారు. అది పట్టుకున్న జపాను పిల్లాడికి మీసమైనా రాలేదంట. ఈయన చేతుల్లోనే పోయాడంట. పారేద్దామంటే ఒప్పుకోరు, చూద్దామంటే చూళ్లేరు. మరేం చెయ్యను? బొట్టు పెట్టాను."

అత్త పెట్టిన కొరమీను పులుసు ఎలా ఉందో నాకు గుర్తులేదు. బయలుదేరేటప్పుడు మామ్మ తన పాత కుంకం భరిణె నా చేతిలో పెట్టింది. అడుగున మైనం ఇంకా ఉంది.

"ఆయన లేరుగా చూడ్డానికి. మీ బాబాయి ముందే తుడువు. పేల్చు కూడా. ఆయన్ని అబద్ధాలకోరంటే నేను ఊరుకోను."

ఒంటిగంటకు మళ్లీ ఏలూరు. బాబాయిని ఎదురుగా కూర్చోబెట్టి, పాత బనీను ముక్క కిరసనాయిల్లో ముంచి రుద్దాను. ముందు నలుపు వచ్చింది, తర్వాత గుడ్డ ఎర్రబడింది, ఆఖర్న ముద్దలుగా మైనం. ఒక్కో రేకూ బయటపడింది, పదహారూ ఉన్నాయి. మామ్మ చెప్పిందంతా అప్పుడు చెప్పాను. బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఇంక ఎగతాళి లేదు. చెప్పులేసుకుని వెళ్లి కారు ముందు సీట్లో కూర్చున్నాడు.

హైవే మీద భీమడోలు దాటుకుని తాడేపల్లిగూడెం చేరడానికి గంట పైనే పట్టింది. ఊరి దగ్గర పాత రన్‌వే ఉంది, జపాను విమానాలు వస్తాయని ఆ యుద్ధంలో తెల్లవాళ్లు వేయించింది. మేం వెళ్లేసరికి దాని మీద ధాన్యం ఆరబోసుకుంటున్నారు. అక్కడికి కొంచెం దూరంలో, తుపాకీ గురి సాధన చేసే రేంజి. దాన్ని నడిపే మాజీ సుబేదారుగారు మొదటి తూటా నన్ను పేల్చనివ్వలేదు. తుపాకీని టైరుకి కట్టి, దూరం నుంచి తాడు లాగి పేల్చి, గొట్టం పరీక్షించాకే నా చేతికిచ్చారు. పాత తుపాకీ ఎవరిదైనా ఇలాగే చేయాలి.

"దగ్గర గురికి ఇది పైకి కొడుతుందమ్మా. బాగా కిందకి చూసి కొట్టండి."

కొట్టాను. భుజం మీద చిన్న తోపు, అంతే. రెండోది కాగితం మధ్యకు దగ్గరగా పడింది. గెలిచాను, ఆ మాట దాచుకోను. కానీ తూటా ఎక్కించడానికి బోల్టు లాగిన ప్రతిసారీ, నాకంటే ముందు దాన్ని లాగిన ఆ మీసం రాని పిల్లాడి చెయ్యి గుర్తొచ్చింది. బాబాయి ఒకసారి భుజానికి ఆనించుకుని, ట్రిగ్గరు ముట్టుకోకుండానే తిరిగిచ్చేశాడు. "చాల్లేమ్మా" అన్నాడు.

గొట్టం శుభ్రం చేశాక భరిణె తీశాను. పువ్వు మీద మైనం రాసి, కుంకం అద్ది, రేకులన్నీ కప్పేశాను. బాబాయి పెట్టె మూత పట్టుకుని నిలబడ్డాడు. హైదరాబాదు చేరాక బెంగళూరాయనకు రాశాను: పువ్వు ఉంది, ఫోటో పంపను, నమ్మకపోతే మానెయ్యండి. కొనుక్కుంటానని ఆయన ఇప్పటికి రెండుసార్లు రాశాడు. అది అమ్మేది కాదు. మీరూ అడగకండి. మా తాతగారి నిజాయితీ రుజువు చేయడానికి తాతగారే చూడలేకపోయిన దాన్ని ఊరంతా తిప్పి చూపించాలంటే, ఆ రుజువు నాకక్కర్లేదు.

ఈ దారిన వెళ్లేవాళ్లకి ఒక్క సలహా: మీ ఇంట్లోనూ ఇలాంటి పాత తుపాకీ ఉంటే, మైనం వదలడానికి కిరసనాయిలు గుడ్డ చాలు, కానీ తుడిచేముందు ఆ బొట్టు పెట్టినావిడని ఒక్క మాట అడగండి.