కనుమ దిగేటప్పుడు ఆపిన ఇంజను

ఓబుళేసు చదువంతా చెవుల్లోనే. చిన్నప్పుడు తిమ్మప్ప బావి మీద ఆయిలింజను నడిపేవాడు. ఎక్కడో గట్టు మీద నిలబడి ఇంజను శబ్దం విని, బావిలో నీళ్ళు ఎంత కిందికి పోయాయో చెప్పేవాడట. తర్వాత ఆ బావి ఎండింది. మా జిల్లాలో బావి ఎండడం వార్తేమీ కాదు. ఇంజను తుక్కు కింద పోయింది, ఓబుళేసు లారీ క్లీనరుగా పోయి డ్రైవరై తిరిగొచ్చాడు. తొంభై ఎనిమిదిలో తిమ్మప్ప కొత్త బండి కొన్నప్పుడు ఇంకెవరినీ వెతక్కుండా ఇతన్నే పిలిపించాడు.

తిమ్మప్ప ఇల్లు అనంతపురంలో, పల్లెలో డెబ్బై ఎకరాల మెట్ట ఉంది. ఏటా శనక్కాయ వేస్తాడు, ఏటా వానను తిడతాడు. తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో వాటా ఉంది కాబట్టి వారానికి రెండుసార్లు ముచ్చుకోట కనుమ దాటి పోయిరావాలి. ఆ బండి ఏ చిన్న పనికైనా అనంతపురంలో నా షెడ్డుకే వచ్చేది. నా పేరు బయ్యన్న. మనుషుల కంటే ఇంజన్ల గురించే నాకు కాస్త ఎక్కువ తెలుసు, అందుకే ముందు దాని సంగతి చెప్తాను.

రెండు లీటర్ల డీజిల్ ఇంజను, నాలుగు సిలిండర్లు, దానికొక టర్బో. బయటికి పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే కడ్డీకి అవతలి కొసన ఉన్న ఇంకో చక్రం ఇంజనులోకి గాలిని దట్టించి పంపుతుంది. నిమిషానికి లక్ష చుట్లకు పైమాటే. ఆ కడ్డీని కాపాడేది పలచటి ఆయిలు పొర ఒక్కటే. పాత జీపులు ఆ కనుమలో సగం దూరం ఎక్కి, ఆవిర్లు కక్కి, నీళ్ళడిగేవి. ఇది ఏడుగురిని, వెనక నాలుగు ఎరువుల బస్తాలను వేసుకుని, నడి వేసవిలో కూడా రొప్పకుండా ఎక్కేది. లక్షా ఎనభై వేల కిలోమీటర్లు తిరిగేదాకా ఇంజను పైభాగం, హెడ్డు, విప్పే పని పడలేదు. అందులో సగం పేరు ఓబుళేసుకు రావాలి. మా దుమ్ముకు గాలి ఫిల్టరు వారం వారం విప్పి దులిపేవాడు. ఆయిలు మార్చడం ఒక్కరోజు ఆలస్యమైనా తిమ్మప్పతో పేచీ పెట్టుకునేవాడు.

రెండు వేల ఏడు ఎండాకాలంలో ఆ ఇంజనులో ఆయిలు తగ్గడం మొదలైంది. కనుమ ఎక్కుడులో నీలం పొగ వస్తోందని ఓబుళేసు రెండుసార్లు చెప్పాడట, తిమ్మప్ప వినిపించుకోలేదు. ఆయిలు కొలిచే కడ్డీని మాత్రం తనే స్వయంగా లాగి చూడసాగాడు. డ్రైవరంటే ఆయిలు అమ్ముకునేవాడనే అనుమానం మా వైపు కొత్త బండితోపాటు ఉచితంగా వస్తుంది. తిమ్మప్ప దాన్ని తొమ్మిదేళ్ళు దాచి, ఆ నెల బయటికి తీశాడు.

ఒకరోజు పొద్దున పదింటికి బండి నా షెడ్డు ముందు ఆగింది. పక్కన ఆంజినమ్మ టీ కొట్టులో ఆరేడుగురు ఉన్నారు, అందులో నలుగురు డ్రైవర్లే. తిమ్మప్ప దిగి, అందరికీ వినపడేటట్టు అన్నాడు.

"తొమ్మిదేండ్లు నా ఉప్పు తిని నా ఆయిలే అమ్ముకుంటాండాడు బయ్యన్నా. చూసి చెప్పు."

ఓబుళేసు తాళం చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. దొంగ అనే మాట ఒకసారి పడితే ఈ ఊళ్ళో ఇంకెవరూ అతని చేతికి బండి ఇవ్వరు. అది అతనికి తెలుసు, నాకు తెలుసు, టీ తాగుతున్న ఆ నలుగురికీ తెలుసు.

నాకు ఒళ్ళు మండింది. బానెట్టెత్తి, టర్బో నుంచి ఇంజనుకు గాలి పోయే రబ్బరు పైపు ఊడదీశాను. చారెడు నల్లటి ఆయిలు నా అరచేతిలో పడింది. వేలు పెట్టి కదిపితే లోపలి కడ్డీ వదులు పంటిలా ఊగింది. దొంగ ఈ టర్బోనేనని, ఆయిలంతా ఈ దారినే పోయి ఇంజనులో కాలుతోందని తిమ్మప్పకు చూపించాను. టర్బో మొత్తం దించి విప్పితే, కడ్డీ చుట్టూ ఆయిలు మాడి అడుగంటి ఉంది. ఇట్లా ఎందుకైందని తిమ్మప్ప అడిగాడు. నేను ఓబుళేసు వైపు చూశాను. బండి తన చేతిలోనే ఉంది కాబట్టి తప్పు తనదే అనుకోమన్నాడు.

తిమ్మప్పే మాట్లాడాడు.

"దీన్ని ఎంత పొదుపుగా నడిపినాం బయ్యన్నా. కనుమ ఎక్కంగానే ఇంజను ఆపిస్తాన్నా. దిగేదానికి డీజిలెందుకు?"

కారణం అక్కడే దొరికింది. ఎక్కుడు ముగిసినచోట టర్బో ఎర్రగా కాలుతూ ఉంటుంది. అక్కడ తాళం తిప్పితే ఆయిలు పంపు ఆగుతుంది, కడ్డీ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఉన్న కాస్త ఆయిలు ఆ వేడికి మాడుతుంది. వారానికి రెండుసార్లు, తొమ్మిదేళ్ళు. ఇంజనును కాసేపు ఊరికే తిరగనిచ్చి తర్వాతే ఆపాలని బండితో ఇచ్చిన పుస్తకంలో రాసే ఉంది. ఆ పుస్తకాన్ని తిమ్మప్ప బండి పూజనాడే బొట్టుపెట్టి దేవుడి గూట్లో పెట్టాడు.

ఇదంతా చెప్పి ఊరుకోవచ్చు. కానీ నేను ఒప్పుకోవాల్సింది ఇంకొకటి ఉంది. బండి వచ్చిన రెండో ఏడు ఓబుళేసు నన్ను అడిగాడు, ఇట్లా ఆపితే బ్రేకులు బండబారుతున్నాయి, ఇంజనుకేమైనా అవుతుందా అని. బావి ఇంజన్ల మీద పెరిగినవాణ్ణి, అప్పటికి టర్బో లోపల ఎట్లా ఉంటుందో చూసినవాణ్ణి కాదు. ఇంజనుకేమీ కాదులే అన్నాను. ఆ పొద్దు అన్ని మాటలు పడుతూ కూడా ఓబుళేసు నా పేరెత్తలేదు. నాకు సిగ్గేసింది. కొట్టులో వాళ్ళందరూ వినేటట్టు టర్బో ఎందుకు మాడిందో, ఆ పాత సంగతేమిటో నేనే చెప్పాను. తిమ్మప్ప కండువాతో మొహం తుడుచుకుని, కొత్త టర్బో తెప్పించమని చెప్పి ఆటో ఎక్కాడు.

ఐదో రోజు సాయంత్రం ఇద్దరూ వచ్చారు. ఓబుళేసు బండిని బైపాసు దాకా తోలి తిరిగొచ్చాడు. చెవి ఒగ్గి కాసేపు విన్నాడు, ఆపాడు, తాళం తెచ్చి తిమ్మప్ప చేతిలో పెట్టాడు.

"బండి బాగుండాది సామీ. నేను రాను."

"ఏమప్పా, నీ తప్పు లేదని తేలిపాయె గదా?"

"పైపులో ఆయిలు కనపడకపోయింటే?"

ఓబుళేసు నాకు నమస్కారం పెట్టి బస్టాండు వైపు నడిచాడు.

తిమ్మప్పకు బండి తోలడం రాదు. వెనక సీట్లో తన చోట కూర్చున్నాడు, తలుపు కూడా వేసుకోలేదు. చివరికి నేనే చేతులు కడుక్కుని స్టీరింగు ముందు కూర్చున్నాను. ఇంటికి పోదామా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"ఓబుళేసుది కూడేరని తెలుసు. ఇల్లు యాడ బయ్యన్నా?"

తొమ్మిదేళ్ళు ఆ మనిషి రోజూ బస్సెక్కి వచ్చి ఈయన వాకిట్లో నిలబడ్డాడు. ఇల్లు నాకు తెలుసు, బండిని కూడేరు దారి పట్టించాను.

మేము బస్సు కంటే ముందే చేరాం. ఓబుళేసు భార్య సిద్దమ్మ కూలి పనినుంచి అప్పుడే వచ్చినట్టుంది, కాళ్ళు కడుక్కుంటోంది. తిమ్మప్పను చూసి కంగారుగా కొంగు సర్దుకుని, మంచం వాల్చబోయింది. ఆయన వద్దన్నాడు. బస్సు ఎన్నింటికి వస్తుందో అడిగి తెలుసుకుని, చెప్పులు కింద విడిచి, ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు.