చింతకర్ర అని చెప్పాను

మా వీధిలో పరాయివాళ్ళకు కర్ర పేరు చెప్పరు. ఉదయగిరి కొండ కింద చెక్క గరిటెలు, ఫోర్కులు చేసే ఇళ్ళలో మాదొకటి. నాయన బాడిశతో ముక్కను ఆకారానికి తెస్తాడు. అవ్వ ఆకురాయి పట్టి, ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేస్తుంది. కొనడానికి వచ్చినవాళ్ళు గరిటెను అటూ ఇటూ తిప్పి, ఇది ఏ కర్ర అని తప్పకుండా అడుగుతారు. చింతకర్ర అంటాం. మా ఇల్లే కాదు, వీధి మొత్తం అదే చెబుతుంది. ఎప్పుడో ఒక వ్యాపారి అసలు పేరు తెలుసుకుని, కొండ మీద చెట్లు కొట్టించి లారీలకెత్తుకుపోయాడట. ఆ వ్యాపారిని చూసినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. చింతకర్ర ఎంత బరువో తెలిసినవాళ్ళు మా గరిటె చేత్తో పట్టుకుంటే నవ్విపోతారు. అయినా చెబుతూనే ఉన్నాం. అసలు పేరు ఇక్కడ కూడా రాయను.

అలాంటి వీధిలో పెరిగినదాన్ని నేను. నెల్లూరులో డిగ్రీ అయ్యాక, చైనాలో ఏడాది పాటు చైనా భాష నేర్చుకునే స్కాలర్‌షిప్ వచ్చినప్పుడు, ఫీజు లేకుండా, హాస్టల్ గది కూడా ఇచ్చి, వీళ్ళు నన్నెందుకు చదివిస్తున్నారని మొదట అడిగింది నేనే. ఇంట్లోవాళ్ళు సంతోషపడుతుంటే నేను ఆ ఉత్తరంలో చిన్న అక్షరాలు వెతుకుతూ కూర్చున్నాను. ఏమీ దొరకలేదు. దొరకనందుకు ఇంకా అనుమానం పెరిగింది. అయినా వెళ్ళాను.

అది ఉత్తరాన ఉన్న చలి ఊరు. మాకు పాఠం చెప్పే టీచర్ యాభై దాటిన పొట్టి మనిషి. వేడినీళ్ళ ఫ్లాస్కు లేకుండా ఎక్కడికీ రాదు. మొదటి నెల రోజూ నన్ను చూడగానే "తిన్నావా" అని అడిగేది. నా తిండి గురించి ఈమెకెందుకింత ఆరా అనుకున్నాను. అక్కడ అది పలకరింపని తర్వాత తెలిసింది. మా ఊళ్ళోనూ అదే పలకరింపు. ఆ సంగతి నాకు నెల రోజులు తట్టలేదంటే నా బుద్ధి ఎలాంటిదో మీరే చూడండి.

ఆ భాషలో మాటకో స్వరం ఉంటుంది. కిందికి దిగి మళ్ళీ పైకి రావలసిన స్వరం ఒకటి నా నోట పలికేది కాదు. నా గొంతు దిగేది, దిగి అక్కడే కూర్చునేది. టీచర్ ప్రతి గురువారం తరగతి అయ్యాక నన్ను అరగంట ఆపి, ఆ ఒక్క స్వరం పలికించేది. ఎవరూ చెయ్యమనలేదు. దానికి జీతం కూడా రాదు. ఈమెకు నాతో ఏం పనో చూద్దామనుకుంటూనే ప్రతి గురువారం వెళ్ళాను. చలికాలం పోయేసరికి నా గొంతు దిగి పైకి వచ్చింది. ఆ రోజు ఆమె బల్ల మీద చేత్తో ఒక్క దరువు వేసింది. అంత సంతోషం నా డిగ్రీ రిజల్టు రోజు కూడా కలగలేదు.

ఆ వారమే, అవ్వ చేసిన పొడుగు గరిటె ఒకటి ఆమెకిచ్చాను. తిప్పి చూసింది, వాసన చూసింది, ఏ కర్ర అని అడిగింది. నేను ఫోన్‌లో డిక్షనరీ తీసి, వెతికి మరీ చింతకర్ర అని చెప్పాను. మోసం చేద్దామని కాదు. ఆ ప్రశ్నకు మా వీధివాళ్ళ నోరు అలా తెరుచుకుంటుందంతే. ఆమె ఆ మాటను నోటుబుక్కులో రాసుకుంది. రాసుకోవడం చూసి, అసలు పేరు చెప్పకపోవడమే మంచిదైందనుకున్నాను.

ఏడాది అయి ఇంటికొచ్చాను. నేర్చుకున్నది సగమే, మిగతా సగం కోసం తిరిగి వెళ్ళాలని నాకు బలంగా ఉండేది. అదే యూనివర్సిటీలో రెండేళ్ళ ఎం.ఏ. ఉంది. దానికీ స్కాలర్‌షిప్ ఉంది, కానీ టీచర్ సిఫారసు ఉత్తరం కావాలి. రాసిమ్మని ఆమెకు మెసేజ్ పెట్టాను. ఇంకో దారి, తిరుపతి వైపు ఏదో ఫ్యాక్టరీలో చైనా ఇంజనీర్లకు తెలుగు, తెలుగువాళ్ళకు చైనా మాట చెప్పే ఉద్యోగం. ఇద్దరి తిట్లూ నా నోటి నుంచే రావాలి కాబట్టి అది వద్దనుకున్నాను. నాయన మాత్రం ఆత్మకూరులో బీఈడీ చెయ్యమన్నాడు.

"బీఈడీ చేస్తే ఎప్పటికైనా పనికొస్తాది. ఆ చైనా చదువు చదివి ఈడ ఎవురితో మాట్లాడతావు? గొర్రెలతోనా?" అన్నాడు.

నాలుగో దారి ఆత్మకూరు బస్టాండు దగ్గర మేడ మీద ఉండేది. విదేశీ చదువుల కన్సల్టెన్సీ అని బోర్డు. ఎవరో చెబితే బస్సెక్కి వెళ్ళాను. ఆ కన్సల్టెంటు ఇస్త్రీ చొక్కా మనిషి, మర్యాదగా మంచినీళ్ళిచ్చాడు.

"మీ టీచర్ ఊరికే లెటర్ రాస్తాదనుకుంటున్నావామ్మా? ఆ దేశంలో ఊరికే ఏదీ చెయ్యరు. నీ దగ్గర ఏదో ఒకటి చూసుకునే రాస్తాది. నువ్వు పాస్‌పోర్టు ఈడ పెట్టు, ఎం.ఏ. సీటు నేను తెప్పిస్తా. ఇదిగో, నీలాంటి పాపకి పోయిన నెల వచ్చింది చూడు," అని ఎర్ర సీలు ఉన్న కాగితం నా ముందు పెట్టాడు.

కాగితమంతా చైనా అక్షరాలే. చదివాను. అది ఎం.ఏ. సీటు కాదు, నేను అప్పటికే పూర్తి చేసి వచ్చిన ఏడాది భాషా కోర్సు. అదే మాట అన్నాను. అతను కాగితం మెల్లగా వెనక్కి లాక్కుని, "ఏడాది చదివితే అంతా వచ్చేస్తాదా అమ్మా" అన్నాడు. నేను మెట్లు దిగి వచ్చేశాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని నన్ను నేనే మెచ్చుకున్నాను. అనుమానపడ్డాను, నిజమైంది, పాస్‌పోర్టు నా సంచిలోనే ఉంది. నాకు చేటు చేసింది ఆ విజయమే. మనిషి దొంగ అని నేనే పట్టుకున్నాను గానీ, ఊరికే ఏదీ చెయ్యరని అతను అన్న మాట మాత్రం నాతోనే బస్సెక్కి ఇంటికొచ్చింది.

సరిగ్గా ఆ వారంలోనే టీచర్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. ఉత్తరం రాస్తున్నానని, మా ఇంట్లో పని ఎలా జరుగుతుందో వీడియో తీసి పంపమని, పనిముట్ల పేర్లు కావాలని. సంగతి ఇదన్నమాట అనుకున్నాను. అరగంటలు, గురువారాలు, బల్ల మీద దరువులు, అన్నీ ఈ గరిటె కోసమేనన్నమాట. అక్కడ మిషన్ పెట్టి పూటకు వెయ్యి గరిటెలు చేసి, మా ఊరికే తెచ్చి అమ్ముతారని లెక్క కట్టేశాను.

వీడియో తీశాను. ఎలా తీశానంటే, అవ్వ వెనక నిలబడి తీశాను. ఆమె వీపు, కొప్పు, పక్కన కోడి, అంతా కనబడతాయి. చేతులు మాత్రం కనబడవు.

"నా యీపు చూసి వాళ్ళేం నేర్చుకుంటారే?" అంది అవ్వ.

"నేర్చుకోకూడదనే," అన్నాను.

టీచర్ ఆ వీడియోకు థాంక్స్ చెప్పింది. మీ అవ్వ బాగుంది, కోడి కూడా బాగుంది అని రాసింది. ఇంకేమీ అడగలేదు.

అప్లికేషన్ గడువు నాలుగు రోజుల్లో ముగుస్తుందనగా ఉత్తరం వచ్చింది. దాన్ని అప్లై చేసేవాళ్ళే అప్‌లోడ్ చెయ్యాలి కాబట్టి నాకే పంపింది. రెండు పేజీలు. మధ్యాహ్నం వసారాలో కూర్చుని, ఎక్కడ ఏ మెలిక పెట్టిందోనని ఒక్కో వాక్యం చదివాను. మొదటి పేజీ నా చదువు గురించి. ఆ స్వరం సంగతి కూడా ఉంది. రెండో పేజీలో, ఈ విద్యార్థి చేతిపనుల మాటలను రెండు భాషల్లోనూ సేకరించగలదని, అలాంటి పని ఇంతవరకు తన దృష్టికి రాలేదని, దానికోసం సీటు ఇవ్వాలని రాసింది. అందుకే అడిగిందన్నమాట పనిముట్ల పేర్లు. తర్వాత మా ఇంటి గురించి నాలుగు వాక్యాలు. వాళ్ళ కుటుంబం తరతరాలుగా చింతకర్రతో గరిటెలు చేస్తుంది అని ఒకటి. దాని కిందే ఇంకొకటి: "ఈ అమ్మాయి నాతో ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. అందుకే ఆమె చెప్పినదాన్ని నేను ఇంకెక్కడా సరిచూడలేదు."

ఆ వాక్యానికి డిక్షనరీ అక్కర్లేకపోయింది. నాకు సిగ్గేసింది. మెడ దగ్గర్నుంచి చెవుల దాకా వేడెక్కింది.

పంపేస్తే అయిపోయేది. ఏ కర్ర అయితే సీటిచ్చేవాళ్ళకేం? చెబితే మాత్రం, అబద్ధం ఆడిన పిల్లకు ఉత్తరం ఎందుకని ఆమె ఆపెయ్యవచ్చు. ఇంకొకరి దగ్గర రాయించుకునే టైము లేదు. బీఈడీ ఉండనే ఉంది. ఇవన్నీ ఆలోచించాను. కానీ ఎవరో చెట్ల గురించి తెలిసినవాళ్ళు ఆ ఉత్తరం చదివి, ఈవిడకు ఈ మాత్రం తెలియదా అని నవ్వుతారేమోనని కూడా తోచింది. నవ్వేది నన్ను కాదు, ఆమెను.

అవ్వ దగ్గరకు వెళ్ళి జరిగిందంతా చెప్పాను. పేరు మా ఒక్కరిది కాదు, వీధిది. అడగకుండా చెప్పే హక్కు నాకు లేదు.

అవ్వ ఆకురాయి ఆపలేదు. "ఆమెకి చింతకర్రని చెప్పినావా?"

"మనం అందరికీ అదే గదా చెప్పేది."

"అందరికీ అంటే కొనేదానికొచ్చినోళ్ళకు. ఆమెకి గరిటె నువ్వే గదే ఇచ్చినావు. మనం ఊరికే ఇచ్చినోళ్ళకి కూడా అబద్ధం చెప్తారా ఎవురైనా?" అంది. గరిటెను అటు తిప్పి పట్టుకుని, "చెప్పు. అంత దూరాన్నించి ఈడికొచ్చి కొండెక్కతాదా ఏంది ఆమె," అంది.

మెసేజ్ రాయడానికి గంట పట్టింది. ఆమె నేర్పిన మాటలతోనే రాశాను. అది చింతకర్ర కాదు, తెలిసే చెప్పాను, వీడియోలో చేతులు కావాలనే దాచాను, అసలు పేరు ఇది. ఆ చెట్టుకు డిక్షనరీలో మాట లేదు. తెలుగు పేరునే ఆమె పలకగలిగేలా రాసి, ఆకు ఫోటో పెట్టాను. ఈసారి అవ్వ ఎదురుగా కూర్చుని, చేతులు కనబడేలా వీడియో తీసి పంపాను.

ఆ రోజు జవాబు లేదు. మర్నాడు సాయంత్రం దాకా లేదు. చదివినట్టు కూడా తెలియలేదు. నాయన బీఈడీ ఫారం తెచ్చి టీవీ పక్కన పెట్టాడు, నేను వద్దనలేదు. గడువుకు ఒక రోజు ముందు కొత్త ఉత్తరం వచ్చింది. పైన పలకరింపు లేదు. "ఇది పంపించు" అని మాత్రం ఉంది.

సీటు వచ్చింది. సెప్టెంబరులో ప్రయాణం. ఆమె తరగతిలోనే కూర్చోవాలి, ఆమె తిన్నావా అని అడుగుతుందో లేదో తెలియదు. పెట్టెలో గరిటెలు సర్దుతూ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చదివాను. అప్పటికి ఎన్నోసారో. స్వరం సంగతి అలాగే ఉంది. నన్ను మెచ్చుకున్న మాటలన్నీ అలాగే ఉన్నాయి. చెట్టు పేరు సరిచేసింది, అవ్వ చేతుల గురించి కొత్తగా రెండు వాక్యాలు రాసింది. నేను ఎప్పుడూ అబద్ధం ఆడలేదన్న వాక్యం మాత్రం తీసేసింది.