పిలిస్తేనే లేచే డ్రైవర్

ఆ రోజుల్లో నాకు ఏదైనా తెలియదని ఒప్పుకోవడం కన్నా, బెంగళూరు మారతహళ్ళిలోని నా గది నుంచి మైళ్ళ దూరంలోని ఆఫీసు దాకా నడిచి వెళ్ళడమే తేలిక అనిపించేది. తరువాత పత్రికలో చేరాక కనిపించినవాళ్ళనల్లా ప్రశ్నలు అడగడమే నా వృత్తి అయింది. కానీ అంతకు ముందు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక ఇడ్లీ హోటల్ పైఅంతస్తులోని చిన్న కంపెనీలో పనిచేసినప్పుడు, పక్కవాణ్ణి ఒక్క సందేహం అడగాలన్నా ప్రాణం పోయినట్టుండేది. (కింద హోటల్లో రెండోసారి సాంబారు అడగడానికి మాత్రం ఏ మొహమాటమూ ఉండేది కాదు.)

పాల కేంద్రాల్లో పెట్టే మీటర్లు మా సరుకు. స్విచ్ వేయగానే మీటరులో అందరికన్నా ముందు మేలుకుని, మిగతా ఇంటిల్లిపాదినీ లేపే చిన్న ప్రోగ్రామును బూట్‌లోడర్ అంటారు. మీటరు తన నంబరును ఒక బుల్లి చిప్పు నుంచి చదువుకోవాలి. ఆ చిప్పుతో మాట్లాడటానికి రెండు తీగల దారి ఒకటుంది. ఆ దారిని నడిపే ప్రోగ్రాము ముక్క, అంటే డ్రైవర్, పాత బూట్‌లోడర్‌లో బుద్ధిగానే పనిచేసేది. కొత్త బూట్‌లోడర్‌లో డ్రైవర్లన్నీ ఒక కొత్త చట్రంలో ఇమడాలి కాబట్టి, దాన్ని అందులోకి మార్చే పని నాకు అప్పగించారు. మా మేనేజర్‌ను మేం ఈవెనింగ్ సార్ అని పిలుచుకునేవాళ్ళం. ఏ పని చెప్పినా ఆయన అడిగేది ఒకటే. "ఈవెనింగ్‌కి అయిపోద్దా?" "అయిపోద్ది సార్," అన్నాను నేను. అది సోమవారం. శుక్రవారం కస్టమర్లు వస్తారు. వాళ్ళ ఎదుట మీటరు తన నంబరు చెబితే నా ప్రొబేషన్ ముగిసి ఉద్యోగం ఖాయం, చెప్పకపోతే పెట్టె సర్దుకోవాలి.

సాయంత్రానికి కోడ్ రాసేశాను కూడా. డ్రైవర్ లేవగానే తెలియడానికి, ఇంగ్లీషు అక్షరాల్లో "లేచాను" అని తెర మీద చూపించే వరుస ఒకటి అందులో పెట్టి స్విచ్ వేశాను. బూట్‌లోడర్ తన మాటలన్నీ చెప్పుకుంది, నా డ్రైవర్ మాత్రం నోరు విప్పలేదు. మంగళవారం తీగలు మార్చాను. బుధవారం ఏకంగా బోర్డే మార్చాను. గురువారం మధ్యాహ్నానికి నా వరుస "లేచాను" నుంచి "ఒరే నాయనా, లేచావా?" దాకా వచ్చింది. ఈవెనింగ్ సార్ అటు వచ్చినప్పుడల్లా కీబోర్డు టకటకలాడిస్తూ "ఫైనల్ టెస్టింగ్ సార్" అనేవాణ్ణి. (ఫైనల్ అన్నది నిజమే, ఎవరికన్నదే తేలాలి.)

నాకు రెండు కుర్చీల అవతల స్కోపన్న కూర్చునేవాడు. తీగల్లో పారే సంకేతాలను చూపే స్కోపు ఎప్పుడూ ఆయన బల్ల మీదే ఉండేది కాబట్టి ఆ పేరు. తాతల కాలం నుంచీ బెంగళూరులోనే ఉన్న తెలుగు కుటుంబం. ఆ మధ్యాహ్నం పెట్టె సర్దే దృశ్యం కళ్ళ ముందు మెదిలి, సిగ్గు విడిచి ఆయన్ను పిలిచాను. ఆయన టీ గ్లాసుతో వచ్చి తెర వైపు చూశాడు.

"నంబరు చదివే వరుస యాడుండాది అప్పా?"

"ముందు డ్రైవర్ లేస్తే, తరువాత చదివిద్దామని తీసి పక్కన పెట్టానన్నా."

స్కోపన్న టీ ఒలకకుండా గ్లాసు బల్ల మీద పెట్టి, అప్పుడు నవ్వాడు. "పాతదాంట్లో అయితే అన్నీ తెల్లారేసరికి వాటంతట అవే లేస్తా ఉండె. ఇది అట్ల కాదప్పా. పని ఉండాదని ఎవురన్నా పిలిస్తేనే లేస్తాది. లేదంటే సుమ్నే, ఊరికే పండుకోనుంటాది. పిలిచేదాన్నేమో నువ్వే తీసి పెట్టుండావు!"

ఆ తీగల మీద ఎవరెవరున్నారో అడిగే ఆదేశం ఒకటి ఆయన టైపు చేశాడు. మరుక్షణం తెర మీద "ఒరే నాయనా, లేచావా?" అని కనిపించింది. దాని కింద చిప్పు చిరునామా కూడా.

"నాలుగు రోజుల్నుంచి చూస్తూనే ఉన్నావు కదన్నా, ముందే చెప్పొచ్చుగా!" అన్నాను ఏడుపు ఆపుకుంటూ.

"నన్ను మాత్రం నువ్వు పిలిస్తివా?" అని టీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం పెద్ద తెర మీద ప్రదర్శన. పక్కన పెట్టిన వరుసను మళ్ళీ దాని చోట పెట్టాను గానీ, ఆనందంలో తీయాల్సినదాన్ని తీయడం మరిచాను. స్విచ్ వేయగానే జానెడేసి అక్షరాలతో "ఒరే నాయనా, లేచావా?" అని వచ్చింది. ఈవెనింగ్ సార్ మొహంలో రక్తం లేదు. అంతసేపూ ఇంగ్లీషులోనే బిగుసుకుని మాట్లాడిన కస్టమర్ పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని ఆ వరుస చదివాడు. కింద మీటరు నంబరు కూడా చదివాడు. "లేచింది లేప్పా. మా పాలకేంద్రంలో ఎవురూ ఇంత తొందరగా లేయరు," అన్నాడు. స్కోపన్న తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఉద్యోగం ఖాయమైన కాగితం ఆ రోజే నా చేతికొచ్చింది, ఈవెనింగ్‌కి.

ఆ వరుసను సోమవారం తీసేశాను. తీస్తుంటే ఎందుకో కాస్త బాధనిపించింది. మొన్న మా పత్రికలో పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ మార్చారు. నేను గంటసేపు దానితో ఒంటరిగా కుస్తీ పట్టాక, ఎదుటి కుర్చీలోని సహోద్యోగిని తలెత్తి, "ఏమైనా కావాలాండీ?" అని అడిగింది. అబ్బే, ఏం లేదన్నాను. మరో పది నిమిషాలాగి నేనే పిలిచాను. నాలుగు రోజుల నుంచి గంటా పది నిమిషాలకు దిగానంటే, ఈ వయసుకు ఆ మాత్రం ఎదుగుదల చాలదూ!